నెత్తిమీదుగా గంట ప్రయాణం... నేలమీద మూడు గంటలు

నెల్లూరు: రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం నుంచి గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయానికి పటంపై ఒక సరళరేఖ గీస్తే అది నెల్లూరు నగరానికి పడమరగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో పెన్నానదిని దాటుతుంది. అక్కడి నుంచి దగదర్తి పరిసరాల మీదుగా ఈశాన్యంగా సాగి, కావలి వద్ద సముద్రతీరాన్ని తాకుతుంది. ఆపై కొంతదూరం బంగాళాఖాతం మీదుగా వెళ్లి, బాపట్ల సమీపంలో తిరిగి నేలను చేరుకుంటుంది. ఈ రేఖ పొడవు సుమారు 348 కి.మీ. ఇందులో గణనీయమైన భాగం సింహపురి సీమ మీదుగానే ఉంది. అయినా ఈ మార్గంలో విమానం ఎక్కదలచిన నెల్లూరు వాసి ముందుగా 120 కి.మీ. దక్షిణానికి రేణిగుంట వెళ్లి, అక్కడ విమానమెక్కి, తిరిగి తన ఊరి మీదుగానే ఉత్తరానికి పోవలసి ఉంటుంది. రేణిగుంటలో లేచిన విమానం పావుగంటలో నెల్లూరు సరిహద్దుకు వస్తుంది. అదే దూరానికి నేలమీద రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది.

రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, ప్రయాణకాలమెంత అనే ప్రశ్న చూడడానికి చిన్నదే. జిల్లా వాసికి మాత్రం దానికి రెండు జవాబులుంటాయి. మొదటిది విమానానిది, రెండవది ప్రయాణికుడిది.

ఏ దూరం లెక్కలోకి వస్తుంది?

రేణిగుంట, గన్నవరం మధ్య దూరాన్ని ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెప్పడం పరిపాటి. ఇందుకు కారణం కొలిచే పద్ధతి. శ్రీకాళహస్తి, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు, ఒంగోలు మీదుగా రోడ్డుమార్గాన ఈ దూరం 400 కి.మీ. దాటుతుంది. రైలుమార్గంలో విజయవాడ నుంచి నెల్లూరు 255 కి.మీ. కాగా, నెల్లూరు నుంచి గూడూరు మీదుగా రేణిగుంట మరో 120 కి.మీ. పైచిలుకు. ఆకాశమార్గం మాత్రం ముందే చెప్పుకొన్న 348 కి.మీ. దీనిని వైమానికులు కిలోమీటర్లలో కాక నాటికల్ మైళ్లలో లెక్కిస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.తో సమానం. ఆ లెక్కన ఈ మార్గం 188 నాటికల్ మైళ్లు.

కొన్నిచోట్ల తిరుపతి నగరం నుంచి విజయవాడ నగరానికి కొలుస్తారు. మరికొన్నిచోట్ల విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలుస్తారు. రేణిగుంట క్షేత్రం తిరుపతికి తూర్పున, గన్నవరం విజయవాడకు ఈశాన్యంగా 20 కి.మీ. దూరాన ఉన్నందున ఈ రెండు లెక్కలకూ తేడా వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు గాని, టిక్కెట్టు ధరను కిలోమీటర్లతో భాగించి చూసుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నలభై నిమిషాల దూరానికి గంట ఎందుకు?

ఇటువంటి చిన్న మార్గాల్లో విమానయాన సంస్థలు ఎక్కువగా వాడే ఏటీఆర్ 72 రకం విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో పయనిస్తుంది. ఆ వేగంతో 348 కి.మీ.కు 42 నిమిషాలు చాలు. కాని టైంటేబుల్‌లో ఒక గంట, కొన్ని సందర్భాల్లో అంతకు అయిదు పది నిమిషాలు ఎక్కువ చూపుతారు. టైంటేబుల్‌లో చూపే కాలం గాలిలో ఎగిరే కాలం కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, గమ్యస్థానంలో తిరిగి నిలిచే క్షణం వరకూ పట్టే మొత్తం సమయమది. రన్‌వే చివరికి నడిచి వెళ్లడం, అనుమతి కోసం వేచి ఉండడం, పైకి లేవడం, గాలి దిశను బట్టి చుట్టుతిరిగి దిగడం, దిగాక టెర్మినల్ వద్దకు చేరడం అన్నీ అందులోనే ఉంటాయి.

ఎయిర్‌బస్ 320 వంటి జెట్ విమానం గంటకు 800 కి.మీ.కు పైగా వేగంతో వెళ్లగలదు. మరి అది అరగంటలో చేరిపోవాలి కదా అన్న సందేహం సహజం. అయితే జెట్ విమానం పూర్తి ఎత్తుకు చేరడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి దాదాపు అంతే సమయం పడుతుంది. ఇంత చిన్న దూరంలో అది పైకి లేచిన కాసేపటికే కిందికి దిగడం మొదలుపెట్టాలి. పూర్తి వేగాన్ని వాడుకునే అవకాశమే దానికి చిక్కదు. అందువల్ల మూడు నాలుగు వందల కిలోమీటర్ల మార్గాల్లో పెద్ద విమానమైనా, చిన్న విమానమైనా ప్రయాణకాలం గంటకు అటూ ఇటూగానే ఉంటుంది. చెన్నై నుంచి విజయవాడకు గగనతల దూరం సుమారు 397 కి.మీ., తిరుపతి నుంచి హైదరాబాద్‌లోని శంషాబాద్‌కు సుమారు 416 కి.మీ. ఈ రెండు మార్గాల్లోనూ ప్రయాణకాలం గంటంపావుకు అటూ ఇటూగా ఉండడం గమనార్హం.

శీతకాలంలో గన్నవరంపై తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి. అటువంటి రోజుల్లో విమానం గాల్లో చక్కర్లు కొట్టడం, ఒక్కోసారి మరో నగరానికి మళ్లడం విజయవాడ ప్రయాణికులకు అనుభవమే.

శ్రీహరికోట పక్కనుంచి...

చెన్నై, విజయవాడల మధ్య గీసే సరళరేఖ మరింత ఆసక్తికరమైనది. అది పులికాట్ సరస్సు మీదుగా వచ్చి, శ్రీహరికోట రాకెట్ ప్రయోగ వేదికలకు పది కిలోమీటర్లలోపు దూరంలోనే వెళ్తుంది. అక్కడి నుంచి సముద్రం మీదకు మళ్లి, మైపాడు తీరానికి తూర్పుగా సాగి, నిజాంపట్నం వద్ద మళ్లీ నేలమీదకు వస్తుంది. అంటే మన తీరరేఖకు సమాంతరంగా, తీరవాసుల కంటికి అందనంత దూరంలో సాగే మార్గమిది. అయితే పటం మీద గీసినంత తిన్నగా విమానాలు పోవు. నిర్దేశిత గగనమార్గాలు, నిషేధిత గగనతలాలు, చెన్నైలో రాకపోకల రద్దీని బట్టి నియంత్రణ కేంద్రం ఇచ్చే ఆదేశాలు ఆ గీతను వంచుతాయి. అసలు ప్రయాణదూరం ఎల్లప్పుడూ లెక్కకట్టిన దానికన్నా కొంత ఎక్కువే.

రాకెట్ ప్రయోగం ఉన్న రోజున ఈ ప్రాంతపు గగనతలాన్ని నిర్ణీత సమయంపాటు మూసివేస్తూ ముందుగానే వైమానికులకు 'నోటామ్' పేరిట హెచ్చరిక జారీ చేస్తారు. విమానాలు ఆ ప్రాంతానికి దూరంగా పోతాయి. అదే రోజు పులికాట్, తీరగ్రామాల మత్స్యకారులను కూడా సముద్రంలోకి వేటకు వెళ్లవద్దని ఆపుతారు. ఒకే హెచ్చరిక పైనున్న విమానానికీ, కిందనున్న పడవకూ వర్తించే తీరం బహుశా దేశంలో అరుదు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరినప్పటికీ, ఈ సంబంధం మాత్రం నెల్లూరు తీరానిదే.

ప్రయాణికుడి లెక్క

జిల్లా కేంద్రం నుంచి అందుబాటులో ఉన్న విమానాశ్రయాలు ప్రధానంగా మూడు. రేణిగుంట సుమారు 120 కి.మీ. నెల్లూరు నుంచి 16వ నంబరు జాతీయ రహదారిపై నాయుడుపేట వరకు వెళ్లి, అక్కడ కుడివైపు 71వ నంబరు జాతీయ రహదారిపైకి మళ్లితే శ్రీకాళహస్తి మీదుగా విమానాశ్రయం వస్తుంది. తిరుపతి ఊళ్లోకి వెళ్లనవసరం లేదు. రైలులో వెళ్లేవారు రేణిగుంట జంక్షన్‌లో దిగితే అక్కడి నుంచి ఆటోకు కొద్ది కిలోమీటర్లే. 2023 సెప్టెంబరు 24న ప్రారంభమైన విజయవాడ - చెన్నై వందేభారత్ రైలు రేణిగుంట మీదుగా పోవడం నెల్లూరు వారికి ఒక సౌకర్యమైంది. 2015 అక్టోబరు 22న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఇక్కడ 'గరుడ' టెర్మినల్‌ను ప్రారంభించిన విషయం విదితమే. 2017లో అంతర్జాతీయ హోదా కూడా దక్కింది. హోదా వచ్చినంత మాత్రాన విదేశీ విమానాలు వాలలేదనేది వేరే సంగతి.

రెండవది చెన్నైలోని మీనంబాక్కం. నగరానికి దక్షిణపు అంచున ఉన్నందున నెల్లూరు నుంచి చెన్నై దాటుకుని వెళ్లవలసి వస్తుంది. దూరం 190 కి.మీ.కు అటూ ఇటూ. తడ వరకు రెండు గంటలలోపు వచ్చిన కారు, రెడ్‌హిల్స్ దాటాక ఎంతసేపట్లో విమానాశ్రయం చేరుతుందో డ్రైవరు కూడా చెప్పలేడు. సొంత వాహనం లేనివారికి రైలే మేలు. నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు 176 కి.మీ. సెంట్రల్ వద్దనే మెట్రో రైలు ఎక్కి నేరుగా విమానాశ్రయంలో దిగవచ్చు. లేదా రోడ్డు దాటి పార్కు స్టేషన్‌లో లోకల్ రైలెక్కి విమానాశ్రయం ఎదుటి తిరుసూలంలో దిగవచ్చు. బస్సులో వెళ్లేవారు మాధవరంలో దిగిన తరువాత ఇంకా నగరమంతా మిగిలి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మూడవది గన్నవరం. దాదాపు 300 కి.మీ. దూరం. విమానం కోసం నెల్లూరు నుంచి అక్కడికి వెళ్లేవారు స్వల్పం. పశ్చిమాన కడప కూడా ఉంది. ఆకాశమార్గంలో 131 కి.మీ.యే గాని, నల్లమల, వెలికొండలను దాటే దారి కావడం, సర్వీసులు పరిమితంగా ఉండడం వల్ల ఉదయగిరి, ఆత్మకూరు వైపు వారు తప్ప తక్కిన వారు దానిని తలచరు.

ఇప్పుడు హైదరాబాద్ ప్రయాణాన్ని లెక్కిద్దాం. నెల్లూరులో ఇల్లు వదిలి రేణిగుంట చేరడానికి రెండున్నర గంటలు. గంటన్నర ముందు చేరాలి. విమానంలో గంటంపావు. శంషాబాద్‌లో దిగి, సామాను తీసుకుని, నగరంలోకి వెళ్లేసరికి మరో గంటన్నర. మొత్తం ఆరుగంటల ముప్పావు. 2023 ఏప్రిల్ 8న మొదలైన తిరుపతి - సికింద్రాబాద్ వందేభారత్ రైలు నెల్లూరు నుంచి సికింద్రాబాద్‌కు సుమారు ఆరున్నర గంటల్లో చేరుస్తుంది. రాత్రి పడుకుని ఉదయానికి దిగేందుకు సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎప్పటినుంచో ఉంది. ఇక విజయవాడకు విమానం ఊసే అనవసరం. వందేభారత్‌లో మూడు గంటలు, పినాకినిలో అంతకు కొంచెం ఎక్కువ. రేణిగుంట విమానాశ్రయంలో తనిఖీ పూర్తయ్యేలోపు ఇక్కడ రైలెక్కినవాడు ఒంగోలు దాటి ఉంటాడు.

నిజమైన నష్టం ఎవరికి?

అయితే విమానం లేకపోవడం వల్ల నష్టం లేదని అనుకోరాదు. నష్టం దూరప్రయాణాల్లో ఉంది. చెన్నై నుంచి ఢిల్లీకి సుమారు 1,750 కి.మీ. దూరాన్ని విమానం మూడు గంటలలోపే దాటుతుంది. నెల్లూరు వాసికి అంతకంటే ఎక్కువ సమయం మీనంబాక్కం చేరడానికే పడుతుంది. ఉదయం ఆరుగంటల విమానానికి అర్ధరాత్రే బయలుదేరాలి. మెట్ట మండలాల నుంచి కువైట్ తదితర గల్ఫ్ దేశాలకు పనికి పోయేవారి కుటుంబాలకు ఈ రాత్రి ప్రయాణం కొత్త కాదు. ఒక మనిషిని సాగనంపడానికి ఇంటిల్లిపాదీ జీపులో వెళ్లి, తెల్లవారి వెనక్కి రావడం, డ్రైవరు నిద్రమత్తులో జాతీయ రహదారి మీద ప్రమాదాలు జరగడం జిల్లా పత్రికలు చదివేవారికి తెలియనిది కాదు. ఆ బాడుగ కూడా టిక్కెట్టు ఖర్చులో కలిపి చూడాలి.

రొయ్యల సాగు సంగతి మరొకటి. 2009లో దేశంలో వనామి రొయ్యకు అనుమతి లభించిన తరువాత ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు తదితర తీర మండలాల్లో గుంటల సాగు పూర్తిగా దాని వైపు మళ్లింది. ఈ రొయ్య మన సముద్రానిది కాదు. తల్లి రొయ్యలు హవాయి వంటి సుదూర ప్రాంతాల నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి. నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షల అనంతరం రోడ్డుమార్గాన హేచరీలకు చేరుతాయి. హేచరీలో పుట్టిన పిల్లలను నీరు, ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో కట్టి గుంటలకు తరలిస్తారు. సంచి కట్టిన దగ్గరనుంచి గడిచే ప్రతి గంటా పిల్ల బతుకు మీద పడుతుంది. దూరరాష్ట్రాలకు సీడ్ పంపే హేచరీకి విమానాశ్రయం వంద కిలోమీటర్లు దగ్గరైతే ఎంత లాభమో లెక్కకట్టడానికి నిపుణులు అక్కర్లేదు.

దారి తెగిననాడు

నేలమీది దారి మీద ఇంతగా ఆధారపడడంలోని అపాయం 2021 నవంబరులో బయటపడింది. పెన్నా వరద ఉద్ధృతికి కోవూరు ప్రాంతంలో జాతీయ రహదారి తెగింది. పడుగుపాడు వద్ద రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఉత్తర దక్షిణాల మధ్య రాకపోకలు స్తంభించి, లారీలు, బస్సులు బారులు తీరాయి. ఆ రోజుల్లో కావలి వైపు వారికి రేణిగుంట, చెన్నై రెండూ అందనివే అయ్యాయి.

వానకాలంలో చెన్నై మీద పెట్టుకున్న నమ్మకమూ గట్టిది కాదు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై విమానాశ్రయం కొన్ని రోజులపాటు మూతపడింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వేళ మళ్లీ రన్‌వే నీట మునిగింది. అదే తుపాను నెల్లూరు తీరం వెంబడి సాగి బాపట్ల వద్ద తీరం దాటింది. అంటే మనకు అవసరం వచ్చిన రోజునే చెన్నై కూడా మూతపడే అవకాశం ఎక్కువ. ఒకే తీరం, ఒకే తుపాను.

బాపట్ల జిల్లా కొరిశపాడు వద్ద జాతీయ రహదారినే అత్యవసర రన్‌వేగా తీర్చిదిద్ది, 2022 డిసెంబరు 29న, తిరిగి 2024 మార్చి 18న వైమానిక దళం ప్రయోగాత్మకంగా విమానాలను నడిపి చూసింది. మనం రైలు పట్టుకోవడానికి పరుగెత్తే అదే రహదారి మీద యుద్ధ విమానాలు సాధన చేస్తున్నాయి. పౌర విమానం మాత్రం ఇంకా రాలేదు.

దగదర్తి వస్తే ఏమి మారుతుంది?

నెల్లూరు, కావలి మధ్య జాతీయ రహదారికి చేరువలోని దగదర్తిలో విమానాశ్రయానికి 2019 జనవరిలో నాటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు శంకుస్థాపన చేశారు. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది. పనులు ముందుకు సాగలేదు. 2024లో ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయిన తరువాత ఈ ప్రతిపాదన తిరిగి తెరపైకి వచ్చింది. ఇదే కాలంలో కర్నూలు జిల్లా ఓర్వకల్లులో కట్టిన విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమై, 28 నుంచి సర్వీసులు మొదలుపెట్టింది. ఆలస్యమైన మాట నిజమే గాని, ఆలస్యం కన్నా ముందు ఆలోచించవలసినది వేరే ఉంది. వస్తే ఏ ఊరికి విమానం కావాలి?

దగదర్తి నుంచి చెన్నైకి గగనతల దూరం 190 కి.మీ. లోపు. విజయవాడకు సుమారు 227 కి.మీ. ఈ రెండింటికీ విమానం వేస్తే టిక్కెట్టు కొనేవారుండరు. విజయవాడకే చూస్తే నెల్లూరు నుంచి దగదర్తి చేరడం, ముందుగా వేచి ఉండడం, ఎగరడం, గన్నవరం నుంచి నగరంలోకి రావడం అన్నీ కలిపి నాలుగు గంటలకు దగ్గర పడతాయి. రైలు మూడు గంటలే. హైదరాబాద్‌కు సుమారు 325 కి.మీ., బెంగళూరుకు సుమారు 290 కి.మీ. ఇక్కడ లెక్క మారుతుంది. పై పద్ధతిలోనే చూస్తే హైదరాబాద్ ప్రయాణం ఆరుగంటల ముప్పావు నుంచి అయిదు గంటలలోపుకు దిగివస్తుంది. అసలైన లాభం విశాఖపట్నానిది. రైలుమార్గంలో 600 కి.మీ. పైచిలుకు, తొమ్మిది పది గంటల ప్రయాణం. ఆకాశమార్గంలో 490 కి.మీ.కు అటూ ఇటూ, ఇంటినుంచి ఇంటికి అయిదు గంటలు దాటదు. పొద్దున వెళ్లి పనిచూసుకుని రాత్రికి తిరిగి రావచ్చు.

రన్‌వే వేసినంతనే విమానాలు నిలకడగా నడుస్తాయనుకోవడం కూడా పొరపాటే. 2017 ఏప్రిల్ 27న కేంద్రం 'ఉడాన్' పథకాన్ని ఆరంభించినప్పుడు మొదటిరోజు ఎగిరిన విమానాల్లో కడప - హైదరాబాద్ ట్రూజెట్ ఒకటి. సుమారు 500 కి.మీ., గంట ప్రయాణానికి కొన్ని సీట్లు 2,500 రూపాయలకు మించకుండా ఇవ్వాలన్నది నాటి నియమం. ఆ ట్రూజెట్ సంస్థ 2022 ఫిబ్రవరిలో కార్యకలాపాలు నిలిపివేసింది. చిన్న పట్టణాల మధ్య అది నడిపిన మార్గాలకు మరో సంస్థ వచ్చేవరకు దిక్కులేకపోయింది. తిరుపతి, విజయవాడల మధ్య నేరు సర్వీసులు కూడా సీజన్‌ను బట్టి, విమానాల లభ్యతను బట్టి పెడుతూ, తీస్తూ వచ్చారు. అందువల్ల ఈ మార్గంలో ప్రయాణం తలపెట్టేవారు పాత టైంటేబుల్‌ను నమ్ముకోక, బయలుదేరే వారంలో సర్వీసు ఉన్నదీ లేనిదీ విమానయాన సంస్థ వద్దనే సరిచూసుకోవాలి. రాత్రిపూట రేణిగుంటలో దిగేవారు నెల్లూరు వైపు రైళ్ల వేళలను ముందే రాసిపెట్టుకోవడం మంచిది. ఆఖరి రైలు తప్పితే నాయుడుపేట వరకైనా బస్సు దొరకడం కష్టమే.